వినికిడి కూడా పాఠమే: ‘ది హాంగ్‌మన్స్ బ్యూటిఫుల్ డాటర్’ ఆల్బమ్, ఉత్తరాంధ్ర జానపద శ్రవణదృష్టి

వ్యాససంగ్రహం

1968 మార్చిలో వెలువడిన ‘ది హాంగ్‌మన్స్ బ్యూటిఫుల్ డాటర్’ సైకెడెలిక్ జానపద సంగీతానికి ప్రాతినిధ్యం వహించే ఆల్బమ్‌లలో ఒకటి. ‘ది ఇన్‌క్రెడిబుల్ స్ట్రింగ్ బాండ్’ అనే బృందం రూపొందించిన ఈ ఆల్బమ్ మొదటిసారి విన్నవారికి అతుకులబొంతలా తోస్తుంది. రాగం నిలవదు, లయ మారిపోతుంది, పాటలో మరో పాట వచ్చి చేరుతుంది. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల జముకులకథ వంటి ప్రదర్శన రూపాలకు అలవడిన చెవితో విన్నప్పుడు ఈ అస్తవ్యస్తతలో ఒక క్రమం వినిపిస్తుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. జానపద గేయాన్ని అక్షరపాఠంగా మాత్రమే భద్రపరచే మన అలవాటు వలన కలిగే నష్టాన్ని కూడా ఈ పరిశీలన ద్వారా చర్చిస్తుంది.

కీలకపదాలు: జానపద సంగీతం, సైకెడెలిక్ జానపదం, జముకులకథ, వంత, ధ్వనిపాఠం, ఉత్తరాంధ్ర, శ్రవణపద్ధతి

1. ప్రవేశిక

తెలుగులో జానపద గేయ పరిశోధనకు దీర్ఘమైన చరిత్ర ఉంది. 1874లో జె.ఏ. బాయిల్ ‘ఇండియన్ యాంటిక్వెరీ’ పత్రికలో తెలుగు వీరగాథలను గురించి వ్రాసిన వ్యాసం మొదలుకొని, 1958లో గ్రంథంగా వెలువడిన ఆచార్య బిరుదురాజు రామరాజు ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’ వరకు, ఆ తరువాత విశ్వవిద్యాలయాలలో జరిగిన కృషి వరకు గమనిస్తే సేకరణ, వర్గీకరణ, సాహిత్య విశ్లేషణ రంగాలలో సాధించినది తక్కువ కాదు. అయితే ఈ కృషిలో అధికభాగం పాట మాటలను ఆశ్రయించి సాగింది. పాట ఎలా వినిపించింది అనే ప్రశ్న తరచుగా పీఠికలో ఒక పేరాకు పరిమితమైంది.

జానపద విజ్ఞాన విద్యార్థులకు అలన్ డండెస్ 1964లో చెప్పిన మూడంచెల విభజన సుపరిచితమే. పాఠం, సందర్భం అనే రెండింటితోపాటు ‘అల్లిక’ అనే మూడవ అంశాన్ని ఆయన గుర్తించాడు. ప్రాస, స్వరభేదం, ఊనిక, విరామం వంటివన్నీ ఈ అల్లికలోనివే. కాగితం మీదికి వచ్చేటప్పుడు మొదట జారిపోయేది కూడా ఇదే.

ఈ అల్లికను వినడం ఎలా అనే ప్రశ్నకు సమాధానం వెదకడానికి ఒక విదేశీ ఆల్బమ్‌ను ఎంచుకోవడం వింతగా తోచవచ్చు. ధ్వనిముద్రణయే తొలిరూపంగా పుట్టిన జానపద ప్రేరిత రచన అది. దానికి ముందు అచ్చుపాఠం లేదు. కనుక వినడం తప్ప దానిని ‘చదవడానికి’ మరో మార్గం లేదు. ఈ ఆల్బమ్‌కూ ఉత్తరాంధ్ర కళారూపాలకూ ప్రభావ సంబంధం ఉందని ఈ వ్యాసం చెప్పడం లేదు. ఒక సంప్రదాయం ఇచ్చిన చెవితో మరొక సంప్రదాయాన్ని విన్నప్పుడు ఏమి తెలుస్తుందో చూడటమే ఇక్కడి ప్రయత్నం.

2. కాలం, పదం, నేపథ్యం

‘సైకెడెలిక్’ అనే పదాన్ని మనోవైద్యుడు హంఫ్రీ ఆస్మండ్ 1950లలో కల్పించాడు. మనస్సు, వ్యక్తం కావడం అనే అర్థాలు గల గ్రీకు మూలాల నుండి దీనిని తయారుచేశాడు. మనస్సులో మరుగుపడినదానిని వెలికి తెచ్చేది అని భావం. మాదకద్రవ్యాల ప్రభావాన్ని వర్ణించడానికి పుట్టిన ఈ మాట 1960ల రెండవ అర్ధభాగంలో ఒక సంగీత శైలికి పేరయింది. ఆ కాలపు యువతరం జీవనంలో ఆ పదార్థాల పాత్రను కాదనలేము. అయితే ఒక రచన గుణదోషాలను రచయిత సేవించిన పదార్థంతో వివరించడం విమర్శ కాదు. ధ్వనిలో ఏమి జరిగిందన్నదే విమర్శకు విషయం.

ఆ కాలంలో బ్రిటన్‌లో జానపద గీత పునరుజ్జీవనం ముమ్మరంగా సాగుతోంది. పాత పాటను మార్చకుండా పాడాలనే వర్గం ఒకవైపు, గిటారుతో కొత్త పాటలు కట్టే యువకులు మరొకవైపు ఉండేవారు. ఎడింబరో కేంద్రంగా రాబిన్ విలియమ్సన్, క్లైవ్ పామర్ కలిసి పాడుతుండగా మైక్ హెరాన్ వారితో చేరడంతో ‘ది ఇన్‌క్రెడిబుల్ స్ట్రింగ్ బాండ్’ ఏర్పడింది. 1966లో తొలి ఆల్బమ్ వెలువడింది. ఆ తరువాత పామర్ ఆఫ్ఘనిస్తాన్, భారతదేశాల వైపు ప్రయాణమయ్యాడు. విలియమ్సన్ మొరాకో వెళ్ళి అక్కడి వాద్యాలతో తిరిగివచ్చాడు. హెరాన్, విలియమ్సన్ ఇద్దరే బృందంగా 1967లో రెండవ ఆల్బమ్‌ను, 1968లో ఇక్కడ పరిశీలిస్తున్న మూడవ ఆల్బమ్‌ను రూపొందించారు.

1965 డిసెంబరులో బీటిల్స్ బృందం ‘నార్వీజియన్ వుడ్’ పాటలో సితార్‌ను వాడిన నాటినుండి పాశ్చాత్య యువసంగీతంలో భారతీయ నాదం ఒక ఆకర్షణగా మారింది. 1967 జూన్‌లో పండిత రవిశంకర్ మాంటెరే ఉత్సవంలో వాయించారు. తన సంగీతాన్ని మత్తుతో ముడిపెట్టడాన్ని ఆయన తరువాత గట్టిగా వ్యతిరేకించారు. మన సంగీత పరిశోధకులు ఈ కోవకు చెందిన ఆల్బమ్‌లను అనుమానంతో చూడటానికి ఆయన అభ్యంతరమే బలమైన ఆధారం. ఆ అనుమానాన్ని ఏడవ భాగంలో పరిశీలిద్దాం.

3. ఆల్బమ్ నిర్మాణం

ఆల్బమ్ పేరుకు ‘తలారి అందాల కూతురు’ అని అర్థం చెప్పుకోవచ్చు. జో బాయ్డ్ నిర్మాతగా, జాన్ వుడ్ ధ్వనిముద్రకుడిగా లండన్‌లోని సౌండ్ టెక్నిక్స్ స్టూడియోలో 1967 డిసెంబరులో దీనిని ముద్రించారు. ఎలెక్ట్రా సంస్థ విడుదల చేసింది. బ్రిటిష్ ఆల్బమ్‌ల పట్టికలో ఇది 5వ స్థానం వరకు చేరింది. జానపద విభాగంలో గ్రామీ పురస్కారానికి ప్రతిపాదితమైంది.

ఇందులో 10 పాటలు ఉన్నాయి, మొత్తం నిడివి దాదాపు 50 నిమిషాలు. గ్రామఫోను పళ్ళేనికి రెండు వైపులు ఉండటం ఈ నిర్మాణంలో కీలకం. మొదటి వైపు నాలుగు పాటలు, రెండవ వైపు ఆరు పాటలు. మొదటి వైపు బాల్యస్మృతితో మొదలై ఆశీర్వచనంతో ముగుస్తుంది. రెండవ వైపు నగరంపై విసుగుతో మొదలై రాత్రిని పిలిచే ‘నైట్‌ఫాల్’ అనే జోలపాటతో ముగుస్తుంది. అంటే ప్రతి వైపునకూ ఎత్తుగడ, ముగింపు ఉన్నాయి. మొదటి వైపు ముగింపు మంగళంలా, రెండవ వైపు ముగింపు లాలిలా వినిపిస్తాయి. కథాగానం మంగళంతో ముగియడం తెలిసిన శ్రోతకు ఈ ఏర్పాటు కొత్తగా అనిపించదు.

ఇక్కడ గమనించవలసిన మరొక అంశం పలుపొరల ధ్వనిముద్రణ. ఒకసారి పాడిన దానిపై అదే గాయకుడు మరో గొంతును, మరో వాద్యాన్ని చేర్చే సౌకర్యాన్ని ఈ బృందం విరివిగా వాడుకుంది. ఇద్దరు ప్రధాన గాయకులు అనేక గొంతులుగా వినిపించడానికి కారణం ఇదే. వీరితో పాటు లికోరిస్ మెకెక్నీ గొంతు, వేలితాళాలు వినిపిస్తాయి. డాలీ కాలిన్స్ పిల్లనగ్రోవుల గొట్టాలతో అమర్చిన చిన్న ఆర్గాన్‌ను వాయించింది. డేవిడ్ స్నెల్ హార్ప్ వాద్యాన్ని, జూడీ డైబుల్ ‘ది మినోటార్స్ సాంగ్’లో వంత గొంతును అందించారు.

4. వాద్యాలు: తోలు, తీగ, శ్రుతి

సితార్, గింబ్రి, ఊద్, మాండలిన్, మోర్సింగ్, షెహనాయి, ఈలగొట్టం, హార్ప్సికార్డ్, హార్మోనికా వంటి వాద్యాల పట్టికను చూసినవారికి ఇది వాద్యప్రదర్శనశాల అనిపిస్తుంది. అయితే జముకు తెలిసిన చెవికి ఈ పట్టికలో మొదట ఆకర్షించేది సితార్ కాదు, గింబ్రి.

జముకు నిర్మాణాన్ని ఒకసారి గుర్తుచేసుకుందాం. గొట్టంలాంటి పాత్రకు ఒక వైపు తోలు మూస్తారు. తోలు నడుమ నుండి ఒక తంతి బయటికి వస్తుంది. తంతి రెండవ కొనను చేతితో బిగించి పట్టుకొని మీటుతారు. బిగువు పెంచితే నాదం పైకి పోతుంది, సడలిస్తే కిందికి జారుతుంది. 1914 నాటి హార్న్‌బోస్టెల్, సాక్స్ వర్గీకరణ ఇటువంటి వాద్యాలను మీటే చర్మవాద్యాలుగా పరిగణించింది. నాదం పుట్టేది తంతిలోనే కనుక తంత్రీవాద్యాలలో చేర్చాలని తరువాతి పండితులు కొందరు వాదించారు. ఈ వివాదమే జముకు స్వభావాన్ని చెబుతుంది. అది ఏకకాలంలో లయవాద్యమూ, స్వరవాద్యమూ. తెలంగాణలో ఎల్లమ్మ కథాగానంలో వినిపించే జమిడికకూ దీనికీ ఉన్న బంధుత్వం స్పష్టం.

మొరాకో గింబ్రి కూడా తోలు ముఖం మీద తీగలు నడిచే వాద్యమే. మీటినప్పుడు తీగ పలుకుతుంది, దానితోపాటు తోలు కూడా డప్పులా స్పందిస్తుంది. విలియమ్సన్ ఆ వాద్యాన్ని ఎన్నుకోవడంలో కేవలం విదేశీ వస్తువ్యామోహమే ఉన్నదనుకోలేము. మాట్లాడుతున్నట్లు సాగే అతని పాడే పద్ధతికి, స్వరం నుండి స్వరానికి జారిపోయే అతని గమకాలకు నిలకడలేని నాదమే తోడుగా కుదురుతుంది. జముకులకథలో జముకు చేసే పని కూడా అదే. అది శ్రుతిని నిలబెట్టదు. కథకుని మాట ఎటు పోతే అటు వెంట నడుస్తుంది, మాట ఆగినచోట తాను ప్రశ్నిస్తుంది.

దీనికి భిన్నంగా దాదాపు 8 నిమిషాలు సాగే ‘త్రీ ఈజ్ ఎ గ్రీన్ క్రౌన్’ పాటలో సితార్ నిలకడైన ఆధారనాదంగా ఉంటుంది. గొంతు దానిపై మంత్రపఠనంలా తిరుగుతుంది. ఇలా నిలిచే నాదం, జారే నాదం అనే రెండు ధ్రువాల మధ్య ఆల్బమ్ ఊగుతుంది. ‘ది వాటర్ సాంగ్’లో నీటి చప్పుడు కూడా వాద్యంగా మారి, ఆర్గాన్ నాదంతో కలిసి నీటిని స్తుతిస్తుంది. శాస్త్రీయ సంగీతం ఇచ్చిన చెవితో మాత్రమే వింటే జారే నాదం అపశ్రుతిగా తోస్తుంది. జముకు విన్న చెవికి అది మాట తీరుగా తోస్తుంది. ఈ ఆల్బమ్‌ను ఆస్వాదించడానికి మొదటి మెట్టు ఇదే.

5. కథనరీతి: ‘ఎ వెరీ సెల్యులార్ సాంగ్’

ఆల్బమ్‌కు గుండెకాయ వంటిది మొదటి వైపు చివర వచ్చే ‘ఎ వెరీ సెల్యులార్ సాంగ్’. మైక్ హెరాన్ రచించిన ఈ పాట నిడివి సుమారు 13 నిమిషాలు. దీనిలోని ఘట్టాలను వరుసగా చూడవచ్చు.

మొదటి ఘట్టంలో శీతకాలపు రాత్రి, ఒంటరి మనిషి ఆలోచన. నడక నెమ్మదిగా ఉంటుంది. రెండవ ఘట్టంలో హఠాత్తుగా చప్పట్లతో, పలు గొంతులతో ఒక భక్తిగీతం ప్రవేశిస్తుంది. ఇది హెరాన్ రచన కాదు. బహామా దీవులలో చనిపోయినవారికి వీడ్కోలుగా పాడే పాట. 1965లో అక్కడ పిండర్ కుటుంబం, జోసెఫ్ స్పెన్స్ పాడగా ముద్రించినది 1966లో ‘ది రియల్ బహామాస్’ ఆల్బమ్‌లో వెలువడింది. ఈ బృందం దానిని ఆ ధ్వనిముద్రణ ద్వారానే నేర్చుకుంది. మూడవ ఘట్టంలో లయ మారి, మోర్సింగ్ వంటి వాద్యాలతో ఆటపాటల ధోరణిలో ప్రశ్నలు వస్తాయి. నాలుగవ ఘట్టంలో ఏకకణజీవి అమీబా ఉత్తమపురుషలో మాట్లాడుతుంది. తాను రెండుగా చీలిపోవడాన్నే అది తోడు దొరకడంగా భావిస్తుంది. చివరి ఘట్టంలో ఆర్గాన్ నాదంపై శ్రోతలందరికీ శుభం కోరే ఆశీర్వచనం.

ఒంటరి మనిషి, మరణించినవాని వీడ్కోలు, ఆట, ఆదిమ జీవకణం, ఆశీర్వచనం అనే ఈ వరుసకు కథాసూత్రం కనిపించదు. కానీ భావసూత్రం ఉంది. ఒంటరితనంతో మొదలైన పాట, ఒంటరి కణం రెండుగా మారి తోడును సృష్టించుకోవడం దగ్గరకు చేరుతుంది. మధ్యలో ఉన్న మరణగీతం ఆ ప్రయాణంలో మలుపు. విడిపోవడం అనే ఒకే క్రియ మరణంలో వీడ్కోలు అవుతుంది, కణంలో జననం అవుతుంది. పేరులోని ‘సెల్యులార్’ అనే మాట ఈ ఐక్యాన్ని ముందే సూచిస్తుంది.

ఇక నిర్మాణాన్ని మన కథాగానంతో పోల్చి చూద్దాం. జముకులకథలో గానీ, బుర్రకథలో గానీ కథ ఒకే తీరున సాగదు. గేయం వచనంలోకి జారుతుంది. వచనం హాస్యంలోకి పోతుంది. సందర్భం వచ్చినప్పుడు అందరికీ తెలిసిన మరో పాట లోపలికి వస్తుంది. వంతలు కథకుని మాటను అందుకొని, కొన్నిసార్లు ఎదురు ప్రశ్నించి, మలుపు తిప్పుతారు. బుర్రకథలో వంతలలో ఒకరికి హాస్యం, మరొకరికి రాజకీయ వ్యాఖ్యానం అప్పగించడం తెలిసినదే. ఈ మార్పులను శ్రోత అతుకులుగా భావించడు. అవి కథకు ఊపిరి తీసుకునే తావులు.

సెల్యులార్ సాంగ్‌లోని మలుపులను ఇదే విధంగా వినవచ్చు. బహామా గీతం ‘తెచ్చిపెట్టిన పాట’. మూడవ ఘట్టం హాస్యపు వంత. అమీబా మాట పాత్రప్రవేశం. ఆశీర్వచనం మంగళం. భేదం ఏమంటే కథకుడు, వంత అనే పాత్రలను ఒకే వ్యక్తి పొరలుపొరలుగా తానే పోషిస్తాడు. జముకులకథలో సమూహం చేసే పనిని ఇక్కడ యంత్రసహాయంతో ఒకరిద్దరు చేశారు. ఇందులో నేర్పు ఉంది, లోటు కూడా ఉంది. ఎదురుగా ఉన్న వంత కథకుని ఆశ్చర్యపరచగలడు. తన గొంతుకు తానే వంత పాడుకునేవానికి ఆ ఆశ్చర్యం దొరకదు. బహామా గీతం వచ్చినప్పుడు పాటకు ఒక్కసారిగా ప్రాణం వచ్చినట్లు అనిపించడానికి కారణం, అక్కడ నిజంగానే మరొక సమూహపు జ్ఞాపకం లోపలికి రావడమే.

6. పదచిత్రాలు: తత్వం, పొడుపుకథ, అధివాస్తవికత

సైకెడెలిక్ గీతాల సాహిత్యాన్ని అర్థంలేని మాటల కూర్పుగా తీసిపారేయడం సులభం. మొదటి పాట ‘కోయీఒడ్డీ దేర్’ పేరు అక్షరాలు వ్రాసిన పాచికలు వేయగా వచ్చినదని చెబుతారు. సితార్, మోర్సింగ్ నాదాల నడుమ విలియమ్సన్ తన బాల్యదృశ్యాలను ఒకదానివెంట ఒకటి చెప్పుకుపోతాడు. అంతలో నాలుగు భూతాల గురించి ఒక పొడుపుకథ వస్తుంది. ఆ భూతాలు కలిసి తోలు బిగించిన బుట్టలో చేరుతాయి.

తెలుగు పాఠకునికి ఈ పొడుపు విప్పడం కష్టం కాదు. శరీరాన్ని తోలుతిత్తిగా, పంచభూతాల కూర్పుగా చెప్పడం మన తత్వాలలో, బైరాగి పాటలలో అడుగడుగునా ఉంది. నలుగురు కూర్చున్నచోట పాడే తత్వంలో పదాల పైఅర్థం వింతగా ఉంటుంది, లోఅర్థం గురుశిష్య సంప్రదాయంలో విప్పబడుతుంది. విలియమ్సన్ పాటలో ఆ గురువు లేడు. పొడుపు ఉంది, విప్పే సంప్రదాయం లేదు. కనుక అది తత్వంలా బోధించదు, బాల్యంలోని విస్మయాన్ని మాత్రం నిలుపుతుంది. ‘స్విఫ్ట్ యాజ్ ది విండ్’లో పిల్లవాని ఊహాలోకానికి, దానిని నమ్మని పెద్దలకు మధ్య ఘర్షణ ఇదే భావానికి మరో రూపం.

పదచిత్రాల వరుసను అర్థం చేసుకోవడానికి మనకు ఇంకొక దారి కూడా ఉంది. తెలుగులో అధివాస్తవికతను పరిచయం చేసి, ఆచరించిన కవులలో శ్రీశ్రీతోపాటు శ్రీరంగం నారాయణబాబు ముఖ్యుడు. ఆయన విజయనగరం వాడు కావడం ఈ చర్చలో గుర్తుంచుకోదగినది. నిద్రకూ మెలకువకూ మధ్యనున్న మనఃస్థితిలో పుట్టే చిత్రాలను తర్కానికి లొంగదీయకుండా నిలపడం ఆ కవిత్వ లక్షణం. ఇదే 1965 నుండి 1968 వరకు దిగంబర కవులు మూడు సంపుటాలతో తెలుగు సాహిత్యాన్ని కుదిపివేశారు. వారి ఆగ్రహానికి, ఈ ఆల్బమ్‌లోని ఆటకు స్వభావంలో పోలిక లేదు. అయినా అలవాటైన పదక్రమంపై, మర్యాదపై ఆ దశాబ్దపు యువతరం కలిగించిన ఒత్తిడిని రెండూ చూపుతాయి.

హాస్యానికి కూడా ఇక్కడ చోటు ఉంది. ‘ది మినోటార్స్ సాంగ్’లో గ్రీకు పురాణంలోని సగం మనిషి, సగం ఎద్దు అయిన రాక్షసుడు తన గొప్పను తానే చెప్పుకుంటుంటే వంతలు బృందగానంలో బదులిస్తారు. వీథినాటకంలో రాక్షసపాత్ర ప్రవేశ దరువును గుర్తుచేసే ఘట్టం ఇది. భయపెట్టవలసిన పాత్ర నవ్వించడంలో పురాణం జనం చేతిలో ఎలా మారుతుందో తెలుస్తుంది.

7. పరిమితులు

ఈ ఆల్బమ్‌పై ప్రధానమైన ఆక్షేపణ వాద్యాల అరువు. ఒక వాద్యాన్ని మరొక సంప్రదాయం తీసుకోవడం దోషమైతే మన సంగీతానికి వయొలిన్ ఉండేది కాదు. పాశ్చాత్య వాద్యమైన వయొలిన్‌కు 1919లో ఏర్పడిన విజయనగరం సంగీత కళాశాలలో ఆచార్యుడై, 1936లో అదే కళాశాలకు ప్రిన్సిపాల్ అయిన ద్వారం వేంకటస్వామినాయుడు ఎంతటి గౌరవం తెచ్చారో తెలిసినదే. కాని అక్కడ జరిగింది కేవలం అరువు కాదు. వాద్యాన్ని పట్టుకునే భంగిమ, శ్రుతి, గమకం అన్నీ మారాయి. తరాల సాధనతో ఆ వాద్యం కొత్త వ్యాకరణాన్ని నేర్చుకుంది.

ఈ ఆల్బమ్‌లో సితార్‌కు ఆ అవకాశం దక్కలేదు. రాగవిస్తారం లేదు, తాళసంవాదం లేదు. వాద్యం వచ్చింది, దాని వ్యాకరణం రాలేదు. అది ఒక రంగుగా, వాతావరణంగా మిగిలింది. రవిశంకర్ వంటి వారి అసంతృప్తికి ఇక్కడ సమర్థన ఉంది. అయితే బహామా గీతం విషయంలో బృందం వాద్యపు ధ్వనిని మాత్రమే కాక, పాడే పద్ధతిని, సమూహగాన స్వభావాన్ని కూడా నేర్చుకొని వాడింది. నేర్చుకున్నచోట ఆల్బమ్ బలంగా ఉంది, అలంకారంగా వాడినచోట బలహీనపడింది. ఒక్క తీర్పుతో మొత్తాన్ని మెచ్చుకోవడం గానీ, తోసిపుచ్చడం గానీ సరికాదు.

8. అదే కాలంలో శ్రీకాకుళం: ధ్వని లేని పాఠం

ఈ పాటలు లండన్‌లో ముద్రితమవుతున్న నాటికి శ్రీకాకుళం జిల్లా మరో చరిత్రలో ఉంది. 1967 అక్టోబరు 31న పార్వతీపురం ప్రాంతంలోని లేవిడి వద్ద ఇద్దరు గిరిజనులు కాల్పులలో మరణించారు. ఆ తరువాత గిరిజన ఉద్యమం తీవ్రరూపం దాల్చింది. ఆ ఉద్యమ ప్రచారంలో జముకులకథ ప్రధాన వాహిక అయింది. బొడ్డపాడు కేంద్రంగా సుబ్బారావు పాణిగ్రాహి ఆ రూపాన్ని చేపట్టి గ్రామగ్రామాన ప్రదర్శించాడు. 1969 డిసెంబరులో ఆయన మరణించాడు. ఆ రాజకీయాలను గురించి ఎవరి అభిప్రాయం ఏదైనా, దేవతాకథలకు ఆలవాలమైన రూపం సమకాలీన వస్తువును మోయగలిగిందన్నది జానపద కళాచరిత్రలో ముఖ్యమైన ఘట్టం. పార్వతీపురం ప్రాంతానికి చెందిన వంగపండు ప్రసాదరావు పాటకు నేపథ్యంగా నిలిచినది కూడా ఈ వాతావరణమే.

పాణిగ్రాహి రచనలు నేటి పరిశోధకునికి ఎక్కువగా అచ్చులో, ఇతరుల గొంతుల ద్వారా పరిచయమవుతున్నాయి. అచ్చులో వస్తువు, ప్రాస, నినాదం కనిపిస్తాయి. అతని జముకు ఎక్కడ మాటను వెంబడించింది, ఎక్కడ ఆగింది, వంత ఏ మాటను అందుకున్నది, శ్రోతలు ఎక్కడ నవ్వారు అనేవి కనిపించవు. ఫలితంగా విమర్శ అంతా వస్తువు చుట్టూ తిరుగుతుంది. పాటను మెచ్చేవారు, వ్యతిరేకించేవారు కూడా దానిని కరపత్రంగానే చదువుతారు. కళగా వినడానికి ఆధారం చేతిలో లేదు.

ఇక్కడ రెండు సమాజాల మధ్య ఉన్న అసమానతను గమనించాలి. బహామాలో ఒక కుటుంబం పాడిన పాట 1965లో టేపు మీదికి ఎక్కినందువల్ల రెండేళ్ళలో ఎడింబరో యువకుల నోటికి చేరి, నేటికీ వినిపిస్తోంది. ఆ పాట పాడిన పద్ధతి కూడా దానితో ప్రయాణించింది. మన ప్రాంతంలో 1963లో విశాఖపట్నం ఆకాశవాణి కేంద్రం ప్రారంభం కావడంతో జానపద గానానికి ఒక వేదిక ఏర్పడింది. కాని ఊరి నడుమ రాత్రంతా సాగే ప్రదర్శనను దాని పూర్తి నిడివితో వినే అవకాశం రేడియో కార్యక్రమంలో ఉండదు. గిడుగు రామమూర్తి సవర భాషను నేర్చుకొని 1931లో వ్యాకరణాన్ని, 1938లో నిఘంటువును వెలువరించి ఈ ప్రాంతపు నోటి భాషకు అక్షర గౌరవం కల్పించారు. నోటి పాటకు ధ్వని గౌరవం కల్పించే కృషి అదే స్థాయిలో జరగవలసి ఉంది.

9. శ్రవణ పట్టిక: పరిశోధకులకు ఒక సూచన

ఆల్బర్ట్ లార్డ్ 1960లో మౌఖిక కావ్యం ప్రతి ప్రదర్శనలో కొత్తగా రూపొందుతుందని నిరూపించాడు. అలన్ లోమాక్స్ 1968లో గానశైలిని కొలిచే విస్తృత పద్ధతిని ప్రతిపాదించాడు. అంతటి సాంకేతిక విస్తారం లేకుండానే, సాహిత్య విద్యార్థి కూడా ఆచరించగలిగిన ఒక సరళమైన పట్టికను ఇక్కడ సూచించవచ్చు. ఒక ప్రదర్శన ధ్వనిముద్రణను వింటూ ఐదు నిలువు వరుసలలో ఈ అంశాలను నమోదు చేయాలి.

మొదటిది కాలం, నిమిషాలలో. రెండవది గొంతు: కథకుడా, వంతా, సమూహమా. మూడవది వాద్యం: ఏది మొదలైంది, ఏది ఆగింది. నాలుగవది నడక: గేయం, వచనం, లయలో మార్పు. ఐదవది మాట: ఆ ఘట్టంలోని వస్తువు.

‘సెల్యులార్ సాంగ్’ను ఈ పట్టికలో వ్రాస్తే, మాట మారిన ప్రతి ప్రధాన ఘట్టంలోనూ గొంతు, వాద్యం, నడకలలో కనీసం ఒకటి మారుతుందని తెలుస్తుంది. అంటే మార్పు యాదృచ్ఛికం కాదు, శ్రోతకు ఇచ్చే సూచన. ఇదే పట్టికను జముకులకథకు, తప్పెటగుళ్ళకు వర్తింపజేయవచ్చు. తప్పెటగుళ్ళలో రొమ్ముకు కట్టుకున్న రేకుల నాదం, పాదాల కదలిక, పాట ఒకే శరీరం నుండి వస్తాయి కనుక అక్కడ కదలికకు ఆరవ వరుసను చేర్చవలసి ఉంటుంది. కళారూపం మారినప్పుడు పట్టిక మారాలి. పట్టికకు సరిపోలేదని కళారూపంలోని అంశాన్ని వదలకూడదు.

నేడు ప్రతి పరిశోధకుని చేతిలోని ఫోను ధ్వనిముద్రణ యంత్రమే. సేకరణలో పాట ముక్కలను కాక ప్రదర్శనను ఆద్యంతం ముద్రించడం, కళాకారుని అనుమతి తీసుకోవడం, తేదీని, స్థలాన్ని, పాల్గొన్నవారి వివరాలను నమోదు చేయడం, సిద్ధాంత గ్రంథంతోపాటు ఆ ధ్వనిని కూడా గ్రంథాలయానికి సమర్పించడం అనే నాలుగు నియమాలను పాటిస్తే ముందు తరానికి వినదగిన పాఠం మిగులుతుంది.

10. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు ఇవి.

1. ‘ది హాంగ్‌మన్స్ బ్యూటిఫుల్ డాటర్’ ఆల్బమ్‌లోని అస్తవ్యస్తత పైకి కనిపించేది మాత్రమే. కథాగాన సంప్రదాయపు చెవితో వింటే అందులో ఎత్తుగడ, తెచ్చిపెట్టిన పాట, హాస్యపు వంత, పాత్రప్రవేశం, మంగళం అనే క్రమం గుర్తించవచ్చు.

2. జముకు వంటి జారే నాదం గల వాద్యాన్ని ఎరిగిన శ్రోతకు, ఈ ఆల్బమ్‌లో నిలకడలేని స్వరం మాటకు తోడుగా నడిచే లక్షణంగా అర్థమవుతుంది.

3. ఇతర సంప్రదాయాల నుండి తీసుకున్నవాటిలో పాడే పద్ధతిని కూడా నేర్చుకున్నచోట రచన బలపడింది. నాదాన్ని అలంకారంగా వాడినచోట బలహీనపడింది.

4. పలుపొరల ధ్వనిముద్రణ వంత పాత్రను ఒకే గాయకునికి సాధ్యం చేసింది. కాని ఎదుటి మనిషి ఇచ్చే ఆశ్చర్యాన్ని అది ఇవ్వలేకపోయింది.

5. అదే కాలపు శ్రీకాకుళం జముకులకథలు ప్రధానంగా అక్షరపాఠంగా అందుబాటులో ఉండటం వలన వాటి కళావిలువపై చర్చ వస్తువుకే పరిమితమైంది.

ఉత్తరాంధ్ర కథాగానం ఇచ్చిన చెవి ప్రపంచంలోని మరో మూల పుట్టిన పాటను విప్పగలదని ఈ వ్యాసం చూపింది. ఆ చెవికి మూలమైన ప్రదర్శనలు ఇప్పటికీ ఈ రెండు జిల్లాల పల్లెలలో వినిపిస్తున్నాయి, కాని జముకు మీటే చేతులు వయసు మీరుతున్నాయి. ధ్వనిని పాఠంగా స్వీకరించే పరిశోధన ఈ తరంలోనే మొదలుకావలసి ఉంది.